అప్‌డేట్ మింగిన పెళ్లి కార్డు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మూడోది చెప్పడం మరిచిపోయారు. పెళ్లి కార్డు కొట్టించి చూడు అని. ఈ మాట అనే హక్కు నాకుంది. కరీంనగర్‌లో నాది చిన్న డి.టి.పి. సెంటర్. ముహూర్తాలు మొదలయ్యాయంటే పొద్దున్నుంచీ ఎవరో ఒకరి పెళ్లి నా తెర మీద నడుస్తూనే ఉంటుంది. వచ్చినవాళ్లు రంగులు పట్టించుకోరు, అచ్చుతప్పులు పట్టించుకోరు. ఎవరి పేరు మీద ఎవరి పేరు పడిందో అదొక్కటే చూస్తారు. నోట్లో నాలుక లేని మనిషి కూడా అక్కడికొచ్చేసరికి బల్ల గుద్దుతాడు. వాళ్లు కొట్లాడుకుంటుంటే నేను టీ తాగుతూ లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు మా చెల్లె పెళ్లి దాకానే.

మా పుట్టిల్లు సిరిసిల్ల. నేతపని ఇల్లు. మరమగ్గాలను మా వైపు సాంచెలు అంటారు. ఇరవై నాలుగ్గంటలూ సాంచెల చప్పుడు మధ్య పెరిగినవాళ్లం కాబట్టి మాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. మా ఇంట్లో రహస్యం కూడా వాడ చివరిదాకా వినిపిస్తుంది. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. పెద్దబాపు, మా బాపు, చిన్నబాపు, ముగ్గురన్నదమ్ములవీ ఒకే వాడలో ఇండ్లు. అయితే పెద్దబాపు, చిన్నబాపు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. దానికి కారణం భూమి కాదు, పైసలు కాదు. వేములవాడ కోడె.

చిన్నబాపు కొడుక్కు చిన్నప్పుడు జ్వరం ముదిరితే, తగ్గితే కోడెను కడతానని చిన్నబాపు రాజన్నకు మొక్కుకున్నాడు. తగ్గింది. అందరం కలిసి వేములవాడ పోయాం. మొక్కుకున్నవాళ్లు కోడె పగ్గం పట్టుకొని గుడి చుట్టూ తిరిగి తెచ్చి కట్టేయాలి. కోడె రాగానే పెద్దబాపు అలవాటు కొద్దీ ముందుకెళ్లి పగ్గం అందుకున్నాడు. ఇంటికి పెద్దవాడు కదా, ఏది వచ్చినా ముందు ఆయన చేతికే రావాలి. నూలు ధర గురించి ఎవరితోనో మాట్లాడుకుంటూ చుట్టూ తిరిగి వచ్చేశాడు. చిన్నబాపు చేతికి పగ్గం వచ్చేసరికి కోడె కట్టేసే చోట నిలబడి ఉంది. "మొక్కింది నేను, మొక్కు తీర్చింది ఈయన" అన్నాడు చిన్నబాపు. "నేను పట్టుకుంటె దేవుడు వద్దన్నడా?" అన్నాడు పెద్దబాపు. అంతే. జ్వరం వచ్చిన ఆ పిల్లాడికి మీసాలు కూడా వచ్చాయి, వీళ్లిద్దరికీ మాటలు రాలేదు.

చెల్లె సంబంధం ఖాయమైన రోజు బాపు నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"బిడ్డా, నాకు ఇంకేం వద్దు. చిన్నదాని లగ్గంల మా అన్నదమ్ములం ముగ్గురం ఒక్క పందిరి కింద నిలవడాలె. అందుకు గీ కార్డు ఎట్ల చేస్తవో నీ ఇష్టం."

బాపు నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. సరే అన్నాను. అక్కడే చిక్కుబడ్డాను.

మా వైపు కార్డులో పేరు లేకపోతే పెళ్లికి రావద్దన్నట్టే లెక్క. ఆహ్వానించేవాళ్లుగా బాపు, అవ్వ పైన ఉంటారు. కింద దగ్గరి బంధువుల వరుస. వయసు ప్రకారం పెద్దబాపు, ఆయన కింద చిన్నబాపు రావాలి. "గాయన పేరు కింద నా పేరు ఆనితె నా పేరు తీసెయ్యుండ్రి" అని చిన్నబాపు కబురు పెట్టాడు. "వాని పేరు నా పేరుకు తగులద్దు" అని పెద్దబాపు స్వయంగా వచ్చి చెప్పి, చాయ్ తాగి మరీ పోయాడు. కాగితం మీద రెండు పేర్లు తగలకుండా ఉండాలంటే మధ్యలో ఇంకో పేరు ఉండాలి. ఎవరు ఉంటారు?

అవ్వ తమ్ముడు, మా మేనమామ, చెన్నూరులో కిరాణా దుకాణం నడుపుతాడు. మేనమామ లేనిదే మాకు పెళ్లి లేదు. ఆ సంగతి ఆయనకు మాకన్నా బాగా తెలుసు. తన పేరు అందరికన్నా పైన ఉండాలని ఆయన అప్పటికే పట్టుబట్టి కూర్చున్నాడు. బాపు బతిమాలి, అవ్వ కోప్పడి, చివరికి ఆయన్ను ఇద్దరి మధ్య నిలబెట్టారు. "అన్నదమ్ములు కొట్లాడుకుంటె మధ్యల నన్ను గోడ కట్టిండ్రు" అని ఫోన్‌లో నాకు చెప్పుకొని చెప్పుకొని బాధపడ్డాడు. అయినా ఒప్పుకున్నాడు. ఆయన కింద చిన్నబాపు, ఆ కింద మేనత్త, ఇంకా కిందకు మిగతావాళ్లు.

మొదటి నమూనాను నేను తెలివి తక్కువగా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి వాడ వాడంతా మా గడపలో ఉంది. ఆ దెబ్బకు బాపు ఒక చట్టం తెచ్చాడు. కార్డు ఫోన్లలోకి పోవద్దు, కాగితం మీదికి రావద్దు, ఎక్కడా ఇంకో కాపీ ఉండొద్దు. చూడాలనుకున్నవాళ్లు మా ఇంటికి వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చొని, చూసి, తలూపి పోవాలి. దానికోసం నేను లాప్‌టాప్ తీసుకొని సిరిసిల్లలోనే మకాం పెట్టాను. ఒకరొకరే వచ్చారు. కళ్లద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి చదివి, నిట్టూర్చి పోయారు. సరిచూసుకోవడానికి నేను తీసిన ఒకే ఒక్క ప్రింటును అవ్వ నీళ్ల పొయ్యిలో వేసింది. పంచాయితీ ముగిసింది. సోమవారం మొదటి కార్డుకు పసుపు రాసి వేములవాడ రాజన్న దగ్గర పెట్టాలి. అందుకని మర్నాడే ప్రెస్సుకు పంపుదామనుకున్నాం.

ఆ సాయంత్రం లాప్‌టాప్ అప్‌డేట్ చేసుకోమంటావా అని నన్ను అడిగింది. చాలా రోజుల నుంచి అడుగుతూనే ఉంది, నేను రేపురేపంటూనే ఉన్నాను. పెద్ద పని అయిపోయిందన్న సంతోషంలో ఇప్పుడే చేసుకో పొమ్మన్నాను. చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. కాసేపు ఓపిక పట్టమని తెర మీద ఎంతో మర్యాదగా రాసి ఉంది. నేను పోయి అవ్వ చేసిన సకినాలు తిన్నాను.

తెల్లవారి తెరిస్తే తెర మీద బొమ్మ ఉంది, గడియారం ఉంది, నా ఫైళ్లు లేవు. కార్డు ఉన్న ఫోల్డర్ తుడిచిపెట్టినట్టుంది. రీసైకిల్ బిన్ చూశాను. అదీ ఖాళీ. పేరు కొట్టి వెతికాను. అలాంటిది ఏదీ లేదంది, పైగా అక్షరం తప్పేమో చూసుకొమ్మంది. నా ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది, ఆ అప్‌డేట్‌లోనే ఏదో బగ్ ఉందట. ఎక్కించుకున్నవాళ్లలో కొందరి ఫైళ్లను తిరిగి రాకుండా చెరిపేసిందట. దేశదేశాలవాళ్లు మొత్తుకుంటున్నారు. కంపెనీ ఆ అప్‌డేట్‌ను ఆపేసి, విచారిస్తున్నామని చెప్పింది. ఎవడో దొంగ ఎత్తుకుపోతే తిట్టుకోవచ్చు. ఫైళ్లను కాపలా కాయాల్సిందే తినేస్తే ఏమనాలి? కంచే చేను మేసింది.

పోయినవి తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఏదో దొరికితే మధ్యాహ్నం దాకా నడిపాను. అది ఎంతో శ్రమపడి కార్డు మీది వినాయకుడి తొండం ఒక్కటి తెచ్చిచ్చింది. వినాయకుడు కూడా రాలేదు.

ఇంట్లో చెప్పక తప్పలేదు. అవ్వ నమ్మలేదు.

"ఎటు పోతదే? ఇంట్లనే ఏడనో ఉంటది. జర మంచిగ దేవులాడు."

"లేదవ్వా, కంప్యూటరే తీసేసింది."

"మనం చెప్పకుంట అదెట్ల తీసేస్తది? దానిదేనా పెత్తనం?"

బాపు మాత్రం గడపలో కూర్చొని చాలాసేపు సాంచెల చప్పుడు విన్నాడు. తర్వాత అన్నాడు, "నేసిన బట్ట చినిగితె పోగులన్న మిగులుతయి బిడ్డా. దీనికి పోగుగూడ మిగుల్లే." ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆయనకు పోయింది కార్డు కాదు. అన్నను, తమ్ముణ్ని ఒక కాగితం మీదికి తేవడానికి అన్నాళ్లు తిరిగిన తిరుగుడంతా పోయింది.

మళ్లీ టైపు చేస్తే అయిపోతుంది కదా అంటారు చదువుకున్నవాళ్లు. ఏమని టైపు చేయాలి? పైన మొదటి పేరు నాకు గుర్తుంది, మామ మధ్యలో గోడ కట్టినట్టు ఉన్నాడని గుర్తుంది. కిందివాళ్ల వరుస సరిగ్గా గుర్తులేదు. అన్నిసార్లు మార్చాక ఏది చివరిదో ఎవరికి గుర్తుంటుంది? నా ఇష్టం వచ్చినట్టు పెడితే ఒప్పుకొని పోయినవాళ్లంతా మళ్లీ వస్తారు. సరే, వాళ్లనే అడుగుదామని ఫోన్లు చేశాను. అదింకా పెద్ద తప్పు. అడిగిన ప్రతి ఒక్కరూ తమ పేరు ఉన్నదానికన్నా రెండు మెట్లు పైన చెప్పారు. వాళ్లు చెప్పినట్టే వేస్తే ఒక్కొక్క వరుసలో ముగ్గురేసి కూర్చోవాలి.

దారి చూపింది మా మేనత్త. ఆమె కూడా తన పేరు చాలా పైన ఉండేదని గట్టిగా చెప్పి, ఫోన్ పెట్టేసే ముందు గొణిగింది, "అయినా గంతమందిని నా మీద కూసోబెట్టిండ్రు. ఆఖరికి నిన్నమొన్నటిదాక లాగు ఏసుకొని తిరిగిన మీ చిన్నబాపును గూడ."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మనిషికి తన చోటు గుర్తుండదు. తన పైన ఎక్కి కూర్చున్నవాడు మాత్రం జన్మలో మరిచిపోలేడు. ప్రశ్న మార్చాను. "నీ పేరు ఎక్కడుండె?" అని కాదు, "నీ మీద ఎవలుండిరి?" అని అడిగాను. ఇక చూడాలి! ఇంటిపేర్లతో సహా, గారు పెట్టామా లేదా అన్నదానితో సహా చెప్పారు. మా వాళ్ల అలకలన్నీ అంత భద్రంగా ఉన్నాయి. ఏ అప్‌డేట్ వచ్చినా వాటిని ఏమీ చేయలేదు. కింది వరుసంతా గంటలో తేలిపోయింది.

మిగిలింది పైన ముగ్గురు. ఆ వరుస నాకు గుర్తున్నా, వాళ్ల నోటితో అనిపించుకోకపోతే మళ్లీ పంచాయితీయే. ఈ ముగ్గురినీ ఫోన్‌లో అడిగితే మర్యాద కాదని బాపు ఇంటికి పిలిచాడు.

ముందు మామ వచ్చాడు, చెన్నూరు నుంచి బస్సులో. కాళ్లు కడుక్కుంటూనే మొదలుపెట్టాడు.

"ఫికర్ చెయ్యకు కోడలా. నాకంత యాదికున్నది. ఏది గావాలె అడుగు."

అడిగాను. ఏ పేరు ముందు ఏ అక్షరం ఉండిందో కూడా చెప్పాడు. ఏమైనా అనుమానం వస్తే "జర ఆగు, ఫోనొస్తుంది" అని వాకిట్లోకి పోయి, తిరిగొచ్చి సరిగ్గా చెప్పేవాడు. తమ్ముడికి ఇంత జ్ఞాపకశక్తి ఉందని తెలిస్తే బడి మధ్యలో మానిపించేవాళ్లం కాదు కదా అని అవ్వ మురిసిపోయింది. ఆయన చెప్పిన వరుసా అదే: పెద్దబాపు, తను, చిన్నబాపు.

తర్వాత పెద్దబాపు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నీ మీద ఎవరున్నారు పెద్దబాపు అంటే నన్ను కిందామీదా చూశాడు.

"నా మీద ఎవలుంటరే? ఇంటికి పెద్దోన్ని నేను."

"సరే, నీ కింద?"

"మీ మామ."

చివరికి చిన్నబాపు వచ్చాడు. అన్న లోపల ఉన్నాడని చూసి లోనికి రాలేదు. గడప మీదే కూర్చున్నాడు. అవ్వ చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని అడిగాను.

"చిన్నబాపు, కార్డుల నీ మీద ఎవలుండిరి?"

ఆయన చాయ్ గ్లాసును చేతిలో తిప్పుతూ వాకిలి వైపు చూశాడు. బాపు వైపు చూశాడు. బాపు తల వంచుకొని ఉన్నాడు. ఆ రెండు రోజుల్లోనే బాపు కొంచెం చిక్కిపోయినట్టు కనిపించాడు, అది చిన్నబాపు కూడా చూసే ఉంటాడు.

"మా అన్న" అన్నాడు చిన్నబాపు.

నేను తెలివైనదాన్ని కదా, వెంటనే దిద్దాను. "కాదు చిన్నబాపు. మధ్యల మామ ఉండె."

"ఎవలు చెప్పిండ్రు? నా మీద మా అన్న పేరే ఉండె."

"లేదు, నాకు బాగ యాదికున్నది..."

"యాది కాదు. కంప్యూటర్ల సూపియ్యి."

కంప్యూటర్‌లో ఏముంది చూపించడానికి? వినాయకుడి తొండం ఉంది. నేను మామ వైపు చూశాను. అంత జ్ఞాపకశక్తి గల మామ ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఫోనొస్తుందని వాకిట్లోకి కూడా పోలేదు.

అప్పుడు మంచం మీద నుంచి పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు.

"వాడు చెప్పిందే కరెక్టు. నా కింద మా తమ్ముడే ఉండె. నేనే మర్శిన."

కాసేపటి కింద "మీ మామ" అని చెప్పిన మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియక నేను కీబోర్డు వైపు వంగాను. పెద్దబాపు పేరు కొట్టాను. దాని కింద, ఏ అడ్డూ లేకుండా, చిన్నబాపు పేరు కొట్టాను. అక్షరాలు సరిగ్గా కనపడలేదు, కళ్లు నిండిపోయాయి. బాపు మంచినీళ్లు తాగి వస్తానని లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఉన్న ఫైలు ఉన్నట్టే ఉండి ఉంటే ఈ మాట చిన్నబాపు నోట వచ్చేది కాదు. తగ్గినట్టు అందరి ముందూ కనపడాల్సి వచ్చేది. ఆయన ప్రాణం పోయినా తగ్గడు. ఇప్పుడు తగ్గింది ఎవరు? ఎవరూ తగ్గలేదు. ముందు నుంచీ అట్లనే ఉండె.

"మరి నేనేడున్న?" అని మామ మెల్లగా అడిగాడు.

అవ్వ ముందు నవ్వింది. ఆమె తర్వాత మేమంతా. గడప మీద చిన్నబాపు, మంచం మీద పెద్దబాపు ఒకేసారి నవ్వారు. ఇద్దరి నవ్వూ ఒకటేనని నాకు ఆ రోజు దాకా తెలియదు. మామ తనే తీర్పు చెప్పుకున్నాడు, "ఏడన్న కిందికి పెట్టుండ్రి. మేనమామ పేరు ఏడున్నా మేనమామే."

కార్డు అచ్చయింది, సోమవారం రాజన్న దగ్గరికి పోయింది. పందిరి వేసే రోజు మొదటి గుంజ తెచ్చినప్పుడు పెద్దబాపు అలవాటు కొద్దీ ముందుకొచ్చి దాన్ని పట్టుకున్నాడు. పట్టుకొని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఏయ్ తమ్మీ, ముందుగాల నువ్వు పట్టు" అన్నాడు. చిన్నబాపు వచ్చి పట్టుకున్నాడు. మా బాపు మట్టి ఎత్తిపోశాడు. గుంజ కొంచెం వంకరగానే నిలబడింది. పెళ్లయ్యేదాకా దాన్ని సరిచేయడానికి బాపు ఎవరినీ ముట్టనివ్వలేదు.

పెళ్లి రోజు, తలంబ్రాలు అయిపోయి భోజనాలకు పిలుస్తున్నప్పుడు మామ నన్ను పందిరి వెనక్కి రమ్మని సైగ చేశాడు. జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. తెర మీద నా లాప్‌టాప్ ఫోటో ఉంది. వంకరగా తీసింది, ట్యూబులైటు వెలుగు పడి ఒక మూల తెల్లబడింది. అయినా పేర్లు చక్కగా కనపడుతున్నాయి. పెద్దబాపు, ఆయన కింద మామ, ఆ కింద చిన్నబాపు.

"ఇది ఎప్పుడు తీసినవు మామ?"

"సూసుడుకు పిలిచినప్పుడే. మీరు నా పేరు మల్ల కిందికి గుంజుతరని నాకు అనుమానముండె."

అందుకా ఆ రోజు అన్నిసార్లు ఫోనొచ్చింది! జ్ఞాపకశక్తి గుట్టు తెలిసింది.

"మరి చిన్నబాపు సూపియ్యి అన్నప్పుడు జేబుల ఉన్నది గదా. ఎందుకు తియ్యలే?"

"తీస్తె ఏమొస్తది కోడలా? నా పేరు మధ్యల ఉంటది, గంతే." ఆయన పందిరి వైపు చూశాడు. "ఇగ దీన్ని తీసెయ్యి. నాకు తీసేసుడు రాదు. తీసేసినా మల్ల ఏడనన్న ఎల్తదా?"

తీసేశాను. తీసేసినవి కూడా కొన్నాళ్లు ఫోన్‌లో ఓ మూలన ఉంటాయని చెప్పి, ఆ మూల కూడా తెరిచి ఖాళీ చేశాను.

"పోయిందా?"

"పోయింది మామ."

"ఇగ ఎవ్వలు తేలేరా?"

"ఎవ్వలు తేలేరు."

ఆయన తృప్తిగా ఫోన్ జేబులో వేసుకొని భోజనాల వైపు నడిచాడు. బంతిలో పెద్దబాపు, ఆయన పక్కన చిన్నబాపు కూర్చొని ఉన్నారు. వాళ్లిద్దరికీ బాపు తనే వంగి వడ్డిస్తున్నాడు. ఇటు రమ్మని పెద్దబాపు కొంచెం జరిగి, తమ్ముడికీ తనకూ మధ్య చోటు చూపించబోయాడు. మామ చెయ్యి అడ్డంగా ఊపి, బంతి చివర ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు ఈడనే మంచిగున్నది" అన్నాడు. "బగార అన్నం గిన్నె ముందుగాల ఈడికే వస్తది."